ఉప్పు డబ్బా

మొదటి చెంచాకే భర్త పప్పు సూపు ఉమ్మేయడంతో కోడలి గుండె జారిపోయింది. వరసగా ఇది మూడో రోజు. ఆ మాయదారి జ్వరం తగ్గి నెలన్నరయినా అతనికి ఒళ్లు పట్టలేదు. ఈ వారం కూడా సరిగ్గా తినకపోతే మళ్లీ ఆస్పత్రి మంచమేనని డాక్టరు చెప్పేశాడు.

“ఉప్పు కషాయం,” అన్నాడతను నీరసంగా.

“మొగుణ్ణి బతికించుకోవాలని ఉందా లేదా నీకు?” గరిటెతో సహా ఊడిపడింది అత్తగారు. ముప్పయ్యేళ్లు హాస్టల్లో మూడొందల మందికి వండిన చెయ్యి ఆవిడది.

“ఒక్క చెంచానే వేశానత్తయ్యా, ఒట్టు!”

“మరి దెయ్యం వేసిందా?”

కోడలు గిన్నె ఆవిడ ముందుకు తోసింది. “మీరే చూడండి.”

అత్తగారు రెండు గుటకలు తాగింది. మొహమైనా చిట్లించలేదు.

“వీడికి వేషాలెక్కువయ్యాయి. చప్పగా చచ్చింది!” అంటూ అలవాటుగా బల్ల మీది ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది.

కోడలు ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో ఆ జ్వరం ముందు వచ్చింది అత్తగారికే.

“అత్తయ్యా... మీకు ఉప్పు తెలియట్లేదా?”

ఆవిడ వేళ్ల సందుల్లోంచి ఉప్పు రాలిపోయింది. కొడుకు ఎముకలు తేలిన మెడ వైపు చూసింది.

“జ్వరం తగ్గాక అన్నీ చప్పగానే ఉంటున్నాయే. నీ వంటే అంత అనుకున్నాను. దించేముందు రోజూ ఇంకో రెండు చెంచాలు...” ఉప్పు డబ్బాని దూరంగా నెట్టేసింది. “వాడి నోటికాడి కూడు తీసింది నేనేనమ్మా.”