ఆగని ప్రింటర్

“ఆపు! ట్రెవర్, ఆపు దాన్ని!”

నార్మన్ అరిచేలోగా ప్రింటర్ ఇంకో ముప్ఫై గజాల కాగితం కక్కేసింది. ఒక్క అక్షరం లేదు. పచ్చ చారల ఖాళీ కాగితం మడతలు మడతలుగా ఎగిరొచ్చి అతని బూట్ల మీద కుప్పపడింది. నార్మన్ ఆ కుప్పను తన్నుకుంటూ వెళ్లి స్విచ్చి కట్టేశాడు.

“నీ ప్రోగ్రాం తగలెయ్య! ఏం పంపుతున్నావు దీనికి?”

“కొత్త పేజీ మొదలుపెట్టమని. అంతే,” అన్నాడు ట్రెవర్, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. “నా వైపు అంతా సవ్యంగానే ఉంది. తేడా నీ పెట్టెలోనే.”

పెట్టె మాటెత్తితే నార్మన్‌కు ఒళ్లు మండుతుంది. యాభై ఏళ్ల నాటి లైన్ ప్రింటర్‌కూ ఇప్పటి కంప్యూటర్‌కూ ఒకరి భాష ఒకరికి తెలియదు. రెంటికీ మాట కలపడానికి మూడు నెలలు కూర్చుని, ఒక్కో తీగా తన చేత్తో అతికించి చేసిన పెట్టె అది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు చేసినవాడికి తీగలు కలపడం రాదంటాడా వీడు!

ఇంగ్లండులోని ఓల్డమ్ ఊళ్లో ఆ పాత కంప్యూటర్ల క్లబ్బుకు ఉన్నది ఒక్కటే హాలు. అందులో సగం ఈ ప్రింటరే మింగేసింది. శనివారం మూడు గంటల్లోగా ఒక్క పేజీ కొట్టి చూపిస్తే ఉంటుంది, లేదంటే గుజిరీకి పోతుందని కమిటీ తేల్చేసింది. లారీ సంగతి క్లబ్బు సభ్యురాలు డోరీన్ చూసుకుంటానంది. మూతపడ్డ మిల్లులోంచి దాన్ని ఈడ్చుకొచ్చి, నడుం పట్టేసి వారం రోజులు మంచమెక్కినవాడు నార్మన్. ఇప్పుడు టైము రెండుంపావు.

డోరీన్ టీ కప్పులతో వచ్చింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, క్లబ్బులో ఒక్కతే ఆడది. చంకలో ఒక రేకు డబ్బా, దాని మూత మీద గొర్రెపిల్లల బొమ్మ.

“నార్మన్, ఈ డబ్బాలో...”

“బిస్కెట్లు తరవాత తిందాం తల్లీ! ఇక్కడ నా కొంప మునుగుతోంది.”

పెట్టె విప్పాడు. రెండు తీగలు పీకి మళ్లీ అతికించాడు. చూపుడు వేలు కాల్చుకున్నాడు. ప్రింటర్ మూత ఎత్తి లోపలికి టార్చి వేశాడు. డోరీన్ పక్కనుంచి తొంగిచూసి, ఎడమ పక్కనున్న పళ్ల చక్రం వైపు వేలు చాపింది.

“ఇది ఖాళీగా ఉందేంటి? దీనికి...”

నార్మన్ ధడాలున మూత వేసేశాడు. “వేలు తెగిపోతుంది! అదెందుకూ పనికిరాని చక్రం. ఊడపీకి పారేద్దామనుకుంటున్నా. నువ్వెళ్లి టీ చూసుకో.”

“టీ అయిపోయింది.”

“అయితే మళ్లీ పెట్టు!”

మూడుకు పది నిమిషాలుందనగా మళ్లీ స్విచ్చి వేశారు. ప్రింటర్ గుర్రుమంది. ఒక్క క్షణం ఆగింది. నార్మన్ ఊపిరి బిగబట్టాడు. అంతే, పూనకం వచ్చినట్టు కాగితం మళ్లీ ఎగిరెగిరి పడింది.

“నీకు సోల్డరింగ్ ఎందుకయ్యా? ఇంటికెళ్లి టమాటా మొక్కలకు నీళ్లు పోసుకో!” అన్నాడు ట్రెవర్.

నార్మన్ అతని కాలరు పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ కింద పడబోయి ఆగింది. ఇద్దరి మధ్యకూ డోరీన్ తన డబ్బాతో సహా వచ్చేసింది.

“ఒక్క నిమిషం, నార్మన్. ఒకే ఒక్క నిమిషం నా మాట...”

“నోరు ముయ్, డోరీన్!”

అనకూడని మాట అన్నానని నార్మన్‌కు తెలుసు. కానీ వెనక్కి తీసుకునే స్థితిలో లేడు. డోరీన్ కుర్చీలో కూర్చుని, తన టీ నింపాదిగా తాగింది. గడియారం మూడు కొట్టాక ఫోను తీసి, “వచ్చెయ్, వేన్,” అంది.

లారీ వచ్చింది. నలుగురు పట్టి ప్రింటర్‌ను ఎక్కించారు. నార్మన్ మాత్రం ఆ ఛాయలకు రాలేదు. గోడకు ఆనుకుని పళ్లు నూరుతూ నిలబడ్డాడు. చివరికి కోపం ఆపుకోలేక, తాను చేసిన పెట్టెను తీగలతో సహా తెచ్చి లారీలోకి విసిరేశాడు.

“దీన్ని కూడా తీసుకుపో! నాకొద్దు!”

డ్రైవరు వేన్ ఆ పెట్టెను జాగ్రత్తగా దుప్పటిలో చుట్టాడు. అదేమిటో నార్మన్‌కు వింతగా అనిపించింది.

“గుజిరీకి పోయే సామానుకు దుప్పటెందుకు?”

“గుజిరీకా?” డ్రైవరు తెల్లబోయాడు. “మా డోరీనత్త గ్యారేజీకి కదా!”

లారీ ముందు సీట్లో కూర్చున్న డోరీన్, ఒళ్లో డబ్బా మూత తీసింది. అందులో బిస్కెట్లు లేవు. పసివాడి మొలతాడంత చుట్టు, రెండు వేళ్ల వెడల్పు ఉన్న కాగితపు పట్టీ ఉంది. కొసలు అతికించి, వరసగా చిల్లులు పొడిచి ఉన్నాయి.

“మిల్లులో పద్దెనిమిదేళ్లు ఈ ప్రింటర్ నడిపింది నేనే. మిల్లు మూసేసిన రోజు ఈ పట్టీ తీసి దాచా. నువ్వు పారేద్దామన్న చక్రానికి ఇది తొడగాలి. కాగితం ఎక్కడ ఆగాలో ప్రింటర్‌కు చెప్పేవి ఈ చిల్లులే.”

నార్మన్ మొహం కందగడ్డయింది. “ముందే చెప్పి ఏడవచ్చుగా!”

డోరీన్ మూత పెట్టేసి, లారీ కదలమని సైగ చేసింది.

“వచ్చే శనివారం మా ఇంటికి రా, నార్మన్. టీ నువ్వు పెడుదువు గానీ.”