అద్దం పక్క బల్ల

"ఏవండీ, కాస్త ఆ బల్ల ఖాళీ చేస్తారా?"

సురేష్‌బాబు మాటలో అండీ ఉంది గానీ మర్యాద లేదు.

పెద్దాయన తలెత్తాడు. పళ్లెంలో దిబ్బరొట్టె ఇంకా సగం ఉంది.

"తింటున్నానండి," అన్నాడు.

"ఇందాకట్నుంచీ అంతే ఉంది. పాపం బస్సులో వచ్చినవాళ్లు నిలబడ్డారు."

"లోపల బల్లలు ఖాళీయే కదండీ..."

"వాళ్లకి అద్దం పక్కనే కావాలట. మీరే లోపలికి వెళ్లండి."

రాజమండ్రి శివార్లలోని ఆ థీమ్ పార్కులో ఆటలు ముగించుకున్నవాళ్లు షాపుల వీధి మీదుగానే బయటికి రావాలి. బొమ్మల కొట్టు, ఐస్‌క్రీం పార్లరు, పిజ్జా, అన్నిటికీ చివర సురేష్‌బాబు టిఫిన్ హోటలు. వేసవి సెలవులయ్యేలోగా నిలదొక్కుకోకపోతే కొట్టు వేరేవాళ్లకిస్తామని పార్కువాళ్లు ముందే చెప్పారు. ఊళ్లో ఉన్న హోటలు మూసేసి వచ్చారు మొగుడూ పెళ్లాం. ఇదీ పోతే వెళ్లడానికి మరో చోటు లేదు.

పెద్దాయన రోజూ హోటలు తెరవగానే వచ్చేవాడు. అద్దం పక్కన, వీధివైపు మొహం పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కటే దిబ్బరొట్టె. చిన్న ముక్క తుంచడం, చెరకు పానకంలో ముంచడం, కళ్లు మూసుకోవడం.

"తింటున్నాడా, తపస్సు చేస్తున్నాడా?" అని విసుక్కునేవాడు సురేష్‌బాబు.

"పోనిద్దురూ. నా రొట్టె అంత ఇష్టంగా మీరెప్పుడైనా తిన్నారా?" అనేది అతని భార్య లోవలక్ష్మి.

ఆ రోజు పెద్దాయన లోపలికి వెళ్లలేదు. చెయ్యి కడుక్కుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఆ బల్ల మాత్రం ఖాళీగా ఉంచకండి బాబూ."

"నా హోటలు సంగతి నాకు తెలుసులెండి."

మర్నాడు ఆయన రాలేదు. బస్సువాళ్లూ మళ్లీ రాలేదు.

వీధిలో జనం అద్దంలోంచి తొంగిచూసేవారు. ఖాళీ కుర్చీలు కనబడేవి. "ఎవరూ లేరేంటి? బాగోదేమో!" అనుకుంటూ పిజ్జా కొట్టుకేసి నడిచేవారు.

సురేష్‌బాబు గుమ్మంలో నిలబడి పిలిచేవాడు. పిలిచినకొద్దీ దూరం జరిగేవారు. అవసరం కనబడే మొహాన్ని చూస్తే ఎవరైనా పక్కకి తప్పుకుంటారు.

వారం తిరిగేసరికి లోవలక్ష్మి పిండి తగ్గించింది.

"ఆ పెద్దాయన్ని చూసే లోపలికొచ్చేవారండీ జనం. మీరు గమనించలేదా?"

సురేష్‌బాబు గమనించాడు. ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

పార్కు గేటు దగ్గర కాపలా ఉండే వెంకన్నని పెద్దాయన గురించి అడిగాడు.

"ఆరోన్ గారాండి? కొవ్వూరు. చర్చి వెనక వీధి."

లోవలక్ష్మి అప్పుడే దించిన రొట్టె పొట్లం కట్టించుకుని, బండి మీద వంతెన దాటాడు సురేష్‌బాబు. ఎలా అడగాలో దారంతా అనుకుంటూనే ఉన్నాడు. ఊరికే వచ్చి కూర్చోండి చాలు, అనాలి.

ఆ ఇంటి వాకిట్లో అద్దె కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. నలిగిన తెల్లచీరలో ఒకమ్మాయి బయటికొచ్చింది.

"ఆరోన్ గారిల్లేనా అమ్మా?"

"నేను వాళ్లమ్మాయినండి, దీవెనని. నాన్న పోయారండి, బుధవారం."

సురేష్‌బాబు చెప్పులు విప్పాడు.

"మా హోటలుకి రోజూ వచ్చేవారమ్మా. దిబ్బరొట్టంటే ఎంత ప్రాణమో ఆయనకి."

దీవెన వింతగా చూసింది.

"దిబ్బరొట్టా? మినుములు అస్సలు పడవండి నాన్నకి. ఈ మధ్య రోజూ కడుపు పట్టుకుని ఇంటికొచ్చేవారు. ఏం తిన్నావు నాన్నా అంటే నవ్వేసేవారు, అంతే."

చేతిలో పొట్లం ఇంకా వెచ్చగా ఉంది.

"ఎక్కడండీ మీ హోటలు?"

"పార్కులోనమ్మా. షాపుల వీధిలో చివరి కొట్టు."

దీవెన గుమ్మం పట్టుకుంది.

"మీకు ముందు ఆ కొట్లో మా హోటలే ఉండేదండి... లోపల ఒక్క మనిషి కూర్చుని కనబడినా జనం వచ్చేవారు, ఆ ఒక్కరే మనకి దొరకలేదమ్మా, అనేవారు నాన్న."