లియాన్‌లో ఒక శుక్రవారం

సెలవురోజు శుక్రవారం ఊళ్ళోకి వెళ్ళడానికి బస్సు కావాలని కంపెనీకి అర్జీ రాశాను. షార్జా శివార్లలోని మా సజ్జా కూలీల క్యాంపులో పెద్ద మేస్త్రీ భోజన్న వేలిముద్ర వేస్తేనే అందరూ వేస్తారు.

"ముదీర్ ఇంటికి తోలుతడు. చుప్ కూసో!" అన్నాడాయన, మేనేజరుకు భయపడి.

నాకు ఒళ్ళు మండింది. ఫ్రెంచి ఇంజినీరు పారేసిన లియాన్ నగరం మ్యాపు మంచం మీద పరిచి, ఆయన బొటనవేలు పట్టుకుని మ్యాపు మీదే మెట్రో ఎక్కించాను.

ట్రాము మారాం. తాడురైల్లో కొండమీది చర్చికి పోయాం.

"ఈడ కూలోళ్ళు, దొరలు ఒక్కటే ట్రాముల వోతరన్నా!"

"గట్లనా!" భోజన్న వేలు రెండు నదులూ దాటేసింది.

పొద్దుగూకకముందే విమానమెక్కి షార్జాలో దిగాం.

"యల్లా, పోదాం పా. ఇగ క్యాంపుకు ఏ బస్సురా?"

"బస్సు లేదన్నా. నడువాలె."

"థూ! ఫ్రాన్సంత తిప్పి ఇంటికాడ నడిపిస్తవా?" అంటూ భోజన్న అర్జీ ముందుకు లాక్కుని అదే వేలికి సిరా పూసుకున్నాడు.