మొహంలో బాధ కనపడాలి

రెండు రోజుల సైకాలజీ శిక్షణతో మేనేజర్ శశిధర్ మహాజ్ఞాని అయి తిరిగొచ్చాడు. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పనులు అయిపోయాయి కనుక ముగ్గురు ప్రోగ్రామర్లను పీకేయాలి. ఆ మాట చెప్పే పద్ధతిని ముందు టీమ్ లీడర్ హైమవతి మీద ప్రాక్టీసు చేస్తున్నాడు.

“ముందుకు వంగాలి. పేరు పెట్టి పిలవాలి. వాళ్ళ బాధ మన మొహంలో కనపడాలి. ఆ తర్వాత ఇది,” అంటూ టిష్యూ పాకెట్ ఆమె వైపు తోశాడు.

రోజూ లంచ్‌కి హాకర్ సెంటర్లో తనకు సీటు చోప్ చేయమని, అంటే ముందే ఆపి ఉంచమని, ఆమెకిచ్చి పంపే పాకెట్టే అది. అది పెట్టిన కుర్చీలో సింగపూర్లో ఇంకెవరూ కూర్చోరు.

“రీసెర్చ్ చేసి తేల్చారమ్మా. ఇలా చెప్తే ఎవరూ గొడవ చెయ్యరు. ఏదీ, నా మొహంలో బాధ కనపడుతోందా?”

“అజీర్తిలా ఉంది సార్.”

“నీకు ఎమోషన్స్ తెలీవు. సరే, నువ్వు చెప్పి చూపించు.”

హైమవతి ముందుకు వంగింది. “శశిధర్ గారూ, పొద్దున హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. తీసేసేది వాళ్ళని కాదు, మిమ్మల్ని. మీ పని నన్ను చూసుకోమన్నారు.”

శశిధర్ చప్పట్లు కొట్టాడు. “అదీ! అచ్చం నిజంలాగే ఉంది!”

“నిజమే సార్.”

హెడ్డాఫీసుకి ఫోన్ కలపమని గావుకేకలు పెడుతూ అతను బయటికి పరిగెత్తాడు.

హైమవతి టిష్యూ పాకెట్ తీసి అతని కుర్చీలో పెట్టింది. ఈసారి తనకోసం.