తెల్ల పెన్సిల్

“అద్దం మాత్రం నా చేతికివ్వకండి. మీకు దణ్ణం పెడతాను,” అంది ఆమె.

లేజర్ గదిలోని పొడుగాటి మనిషి అద్దం వెనక్కి తీసుకోలేదు. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో తెల్ల పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఎరుపు ఎక్కడెక్కడుందో మీరే సున్నాలు చుట్టండమ్మా. సరిగ్గా వాటి మీదే లైటు కొడతాను.”

మొటిమలు తగ్గి ఎనిమిది నెలలైంది. చేత్తో తడిమితే బుగ్గలు నున్నగానే తగులుతాయి. ఎర్ర మచ్చలు మాత్రం, ఖాళీ చేయమన్నా కదలని అద్దెవాళ్ళలా మొండికేసి కూర్చున్నాయి. ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. తల అంచనా మీద దువ్వుకుంటోంది. “ఇవాళ పాపిట తూర్పుకు పోయిందోయ్,” అని భర్త నవ్వించబోతే మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆమె ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణంలో. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, అద్దం ముందు పెట్టి, “ఒక్కసారి చూసుకోండి,” అనడమే పని. ఒకావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగి, “అంటుకుంటుందేమో, ఇంకెవరినైనా పిలవండి,” అన్న రోజు నుంచి మాస్కు కట్టుకుని, వెనక గదిలో ఫ్రేములకు మరలు బిగిస్తోంది. నిన్న యజమాని తేల్చి చెప్పేశాడు.

“సోమవారం నుంచి ముందు కౌంటరుకొస్తే రామ్మా. లేదంటే ఆ కుర్చీ కొత్తమ్మాయికి ఇచ్చేస్తాను. వెనక గదిలో ఇద్దరికి పని లేదు.”

ఇవాళ బుధవారం. డాక్టరు రాసిన మూడు సిట్టింగుల్లో ఇది ఆఖరిది. “ఇవాళ్టితో మీ కాగితాలు పచ్చ ఫైల్లోంచి ఎర్ర ఫైల్లోకి పోతాయి. ఎర్రదంటే ఇక రానక్కర్లేదన్నమాట,” అని నర్సు నవ్వుతూ చెప్పి భోజనానికి వెళ్ళింది.

“ఇంతకుముందున్న మేడం నన్నేమీ అడిగేవారు కాదు. తనే చూసి చకచకా చేసేసేవారు.”

“ఆవిడ మానేశారమ్మా. నేనొచ్చి రెండు వారాలే అయింది. నా పద్ధతి ఇంతే.”

“మీకూ కళ్ళున్నాయిగా! నా ముఖాన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే చూసి చెయ్యడానికేం?”

అంత చల్లటి గదిలోనూ అతని నుదుట చెమట పట్టింది. తలుపువైపు చూశాడు.

“మీతో ఎవరైనా వచ్చారా? అమ్మగారో, చెల్లెలో?”

“ఎవరూ రాలేదు.”

“పోనీ, నర్సక్క వచ్చేదాకా ఆగుదామా?”

“నేను అరగంటలో షాపులో ఉండాలి. ఇవాళ కాకపోతే నా గతేం కాను?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. రోజూ ఇలాంటి ముఖాలు చూసేవాడే తన ముఖం చూడలేకపోతున్నాడంటే ఇంకేం మిగిలింది? తల దించుకుంది. అతని చెప్పుల్లోంచి మేజోళ్ళు కనిపించాయి. ఒకటి మెరూన్, ఒకటి ముదురాకుపచ్చ. అంత ఏడుపులోనూ నవ్వొచ్చినంత పనైంది. ఈయన ఇంట్లో కూడా అద్దం గోడవైపే ఉందేమో.

“ఒక్కసారి చూసుకోండమ్మా,” అన్నాడతను. ఆ గొంతు ఆమె గొంతు కంటే దీనంగా ఉంది.

అది ఆమె మాటే. రోజుకు యాభైసార్లు ఎవరెవరితోనో అన్న మాట.

చెయ్యి చాపి అద్దం అందుకుంది. ముందు ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది.

ఎడమ బుగ్గ మీద నాలుగు. కుడి బుగ్గ మీద మూడు. గడ్డం మీద రెండు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అంతే. ముఖమంతా నిప్పంటుకుందనుకుని ఎనిమిది నెలలు దాక్కుంది తొమ్మిది మచ్చల కోసమా! పాపిట మాత్రం నిజంగానే తూర్పుకు పోయింది.

తొమ్మిది సున్నాలు చుట్టింది.

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె కళ్ళకు కవచం పెట్టి, బుగ్గలకు చల్లటి జెల్ రాశాడు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంది. లెక్క తప్పకుండా సున్నా సున్నాకూ చురుక్కుమంది.

“సోమవారానికి పోతాయా?”

“పోవమ్మా. అబద్ధమెందుకు? మెల్లగా కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఎండలో తిరగకండి.”

పొద్దున ఆ మాట విని ఉంటే కూలబడిపోయేది. ఇప్పుడు లేచి నిలబడింది.

“పోకపోతే పోనివ్వండి. తొమ్మిదేగా! సోమవారం ముందు కౌంటరులోనే కూర్చుంటాను. మీరు కావాలనే నా చేత అద్దం చూపించారు కదూ? ఇంత మనసు తెలిసినవాళ్ళు ఉంటారని అనుకోలేదండీ.”

అతను నేలచూపులు చూశాడు. గొప్పవాళ్ళింతే, పొగిడితే సిగ్గుపడతారనుకుంది.

మాస్కు సంచిలో పడేసి నడవా చివరిదాకా వెళ్ళాక చూసుకుంది. తెల్ల పెన్సిల్ చేతిలోనే ఉండిపోయింది. ఇచ్చేద్దామని వెనక్కి వచ్చి గది తెర పక్కన ఆగింది. నర్సు భోజనం చేసి వచ్చినట్టుంది. అతను చేతికొక ఫైలు పట్టుకుని నర్సుకు చూపిస్తున్నాడు.

“ఆవిడే గుర్తులు పెట్టుకుంది కాబట్టి గండం గడిచిందక్కా, ఇంతకీ ఈ రెండింటిలో ఎర్రది ఏదో కాస్త చెప్పవూ?”