స్పష్టత ఒక్కటే తక్కువ

“ఎర్రమ్మత్తా, కదలకు,” అన్నాడు తరుణ్, అక్కుపల్లి ఇసుకలో బోర్లా పడుకుని కెమెరా సర్దుకుంటూ.

“ఎంతసేపురా నాయనా. ఇక్కడ నాను బొమ్మలాగ కూకుంటే అక్కడ సేపలు కాకులెత్తుకుపోతన్నాయి.”

ఎండుచేపలు తిరగేసే ఎర్రమ్మకు అదో పొద్దుటిపూట సరదా. తరుణ్‌కు మాత్రం చావోరేవో. ఈ ఒక్క ఫోటోతో అటో ఇటో తేలిపోవాలి. వాళ్ల నాన్న వైకుంఠరావు నిన్ననే ఖరాఖండిగా చెప్పేశాడు.

“సోమేశ్వరరావు మాస్టారు బాగుందంటే కెమెరా నీది. నేదంటే అమ్మీసి, నాతోటి జీడితోటకొచ్చీ.”

మాస్టారంటే టెక్కలిలో ఉండే రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు. పటాన్ని కంటితో చూడాలి, వేలితో కాదన్నది ఆయన మొదటి పాఠం. ఏడో తరగతిలో వైకుంఠరావు ఆరని బొమ్మను ముట్టుకుని, ముట్టుకున్న వేలి మీదే స్కేలు దెబ్బ తిన్నాడు. ఆనాటి నుంచి గోడమీది క్యాలెండరును కూడా చేతులు వెనక్కి కట్టుకునే చూస్తాడు.

ఉద్దానం ఫోటో మిత్రుల వాట్సాప్ గ్రూపులో మాస్టారు చేరింది ఈమధ్యే. అంతకుముందు అక్కడ విమర్శంటే కొట్లాటే. ఒకడు సూర్యోదయం పెడితే, దీనికన్నా నా ఆధార్ కార్డు ఫోటో నయమని ఇంకొకడు రాసేవాడు. తర్వాత ఇద్దరూ పలాస బస్టాండులో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. మాస్టారు వచ్చి మర్యాద నేర్పారు. ముందు బాగున్నదేదో చెప్పాలి, తర్వాత ఒక్క లోపం చెప్పాలి, చివర మనిషిని దీవించాలి. ఆయనా తు.చ. తప్పకుండా అలాగే రాసేవారు.

“చిరంజీవి తరుణ్, ఆకాశపు నీలం, ఇసుక పసుపు చక్కగా కలిశాయి. స్పష్టత మాత్రం ఇంకా రావాలి. ఆయుష్మాన్ భవ.”

తరుణ్ స్టాండు కొన్నాడు. స్పష్టత ఇంకా రావాలన్నారు మాస్టారు. లెన్సు మార్చాడు. ఇంకా రావాలన్నారు. ఊపిరి బిగబట్టి తీశాడు, ఎక్కిళ్లు వచ్చాయి గాని స్పష్టత రాలేదు. మధ్యలో ఆ ముద్రెందుకు బాబూ, బొమ్మను చెడగొడుతోందని ఒకసారి రాశారు. ఫోటో మీద ముచ్చటగా వేసుకునే తన పేరును తరుణ్ ఆ క్షణమే తీసేశాడు. ముద్ర ఇంకా తియ్యలేదేమని మరుసటి వారం ఆయన నొచ్చుకున్నారు. మాస్టారు తనలోని అహంకారం గురించి చెబుతున్నారు కాబోలనుకుని, పాపం, రెండు రోజులు అద్దంలో మొహం కూడా చూసుకోలేదు.

గ్రూపులో అందరికీ ఆయన చెప్పే లోపం స్పష్టత లేదనే. అంత పెద్దాయన ఒక పట్టాన మెచ్చుకుంటారా అని అందరికీ ఆయనంటే మరీ గురి కుదిరింది.

ఎర్రమ్మ కెమెరాలోకి తొంగి చూసి ముక్కు తడుముకుంది.

“ఓలమ్మ, ముక్కుపుడకలో రాయి ఊడిపోనాదేటి. ఇంట్లో ఎవులూ సెప్పలేదు.”

తరుణ్‌కు ప్రాణం లేచొచ్చింది. ‘చేపలు ఎండబెట్టే ఎర్రమ్మ’ అని పేరు పెట్టి, ఫోన్‌లోకి ఎక్కించి అక్కడే గ్రూపులోకి పంపించాడు. ఇంటికి చేరేసరికి జవాబు వచ్చింది.

“చిరంజీవి తరుణ్, గోధుమ రంగు, బూడిద రంగు ఎంతో ఇంపుగా ఉన్నాయి. ఎర్రమ్మ గారు ఎటువైపు కూర్చున్నారో మాత్రం తెలియలేదు. ఆయుష్మాన్ భవ.”

తరుణ్ కెమెరాను సంచిలో పెట్టి తండ్రి ముందుంచాడు. కళ్లల్లో నీళ్లు కనబడకుండా తల వంచుకున్నాడు. వైకుంఠరావు కొడుకు ఫోన్‌లో ఉన్న ఎర్రమ్మ ఫోటో కేసి మొదటిసారి శ్రద్ధగా చూశాడు, అలవాటు ప్రకారం దూరం నుంచే. కొడుకు ఇంత పనిమంతుడని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. గర్వంగానూ అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది.

“ముక్కుపుడకలో రాయి నేదని నాకే అగుపిత్తంది. మాస్టారికి మనిషే అగుపించనేదేటి? పద, అడుగుదుం.”

ఇద్దరూ టెక్కలి బస్సెక్కారు. మాస్టారు ఆప్యాయంగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. ఆయన చూపు మీద వైకుంఠరావుకున్న అనుమానం కూడా అంతలోనే తీరిపోయింది. మంచిరోజే వచ్చారంటూ ఆయన ఎదురుగోడ క్యాలెండరులో చీమల్లాంటి అక్షరాల తిథీ నక్షత్రమూ కుర్చీలోంచే చదివేశారు. ఇక లోపం కొడుకుదే కాబోలనుకుని వైకుంఠరావు లేచి నిలబడ్డాడు.

“మాస్టారూ, నాను తప్పుగా అడిగితే ఇంకో దెబ్బ కొట్టండి. గాని ఆ లోపమేటో మావోడికి ఓపాలి సూపించి సెప్పండి.”

మాస్టారు ఫోన్‌ను ఆరని బొమ్మలాగే అరచేతిలో పదిలంగా పట్టుకొచ్చారు. తెర అంచున మాత్రమే చిటికెనవేలు ఆనించి జరుపుతూ ఎర్రమ్మ ఫోటో దగ్గర ఆపారు.

“నేనెప్పుడూ అబద్ధం రాయను నాయనా. రంగులెంత బాగున్నాయో చూడు. మరి మనిషేదీ? పైగా మధ్యలో ఈ గుండ్రటి ముద్ర. తియ్యమని ఇన్నాళ్లుగా చెబుతున్నాను.”

తండ్రీకొడుకులు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు. అలుక్కుపోయిన రంగుల నడుమ ముద్ర ఉంది. అందులో కిందికి చూపిస్తున్న బాణం ఉంది. మాస్టారు పైకి జరుపుతున్నకొద్దీ గ్రూపులో అందరి ఫోటోలూ అలాగే కనబడ్డాయి.

తరుణ్ మెల్లగా వేలు చాపాడు.

“పటాన్ని ముట్టుకోకు,” అన్నారు మాస్టారు.

ముట్టుకుంటేగాని ఫోటో డౌన్‌లోడ్ కాదు.