అతకని ఎముక

“పైదవడ ఒక్క ఎముక కాదండీ, రెండు” అన్నారు డాక్టరు గారు, బల్ల మీదున్న పుర్రె బొమ్మను భవాని వైపు తిప్పుతూ.

భవాని ఒళ్లో పది నెలల పాప. పక్క కుర్చీలో భర్త వీరబాబు. వెనక బెంచీ మీద, పాలసీసా ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని భవాని తల్లి రత్నమాల. వీళ్లు రాజోలు నుంచి అమలాపురం వచ్చేసరికి ఆవిడ సఖినేటిపల్లి నుంచి వచ్చి ఆసుపత్రి గుమ్మంలో కాచుకుని ఉంది.

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పుకొచ్చారు. కుడి నుంచి ఒకటీ, ఎడమ నుంచి ఒకటీ వచ్చి ఆ ఎముకలు ముక్కు కింద కలుస్తాయట. కంటి కింద అంచూ, బుగ్గ లోపలి బోలూ, పై పళ్లు కూర్చునే గట్టూ వాటివేనట. వాటి నుంచి లోపలికి చాచుకున్న పలకలు అతుక్కుంటేనే అంగిలి. నోటికది పైకప్పు, ముక్కుకి నేల. పాపకి ఆ పలకలు అతకలేదు. పట్టిన పాలు ముక్కులోంచి వచ్చేస్తున్నది అందుకే. పొరలు దగ్గరికి లాగి కుట్టేస్తే పాలూ నిలుస్తాయి, మాటా వస్తుంది, భయపడొద్దన్నారు.

ఆ ధైర్యం భవాని చెవికెక్కలేదు. ఆమెను తినేస్తున్న ప్రశ్న వేరే ఉంది.

“నేను గ్రహణంలో కత్తిపీట పట్టుకోబట్టే కదండీ?”

భవాని కడుపుతో ఉండగా, కిందటేడు దీపావళి మర్నాడు సూర్యగ్రహణం. వీరబాబు ఆకలంటే దోసకాయ తరిగి పెట్టింది. పురుడొచ్చాక నర్సు పాప నోరు తెరిచి చూపించినప్పుడు, అందరికన్నా ముందు మాట్లాడింది రత్నమాలే. చెప్తూనే ఉన్నాను, వినలేదు, గ్రహణం వేళ కత్తిపీట ముందు కూర్చుందని వియ్యపురాలి ఎదుటే నెత్తి బాదుకుంది. అత్తగారు సీతారత్నం నోరు మెదపలేదు. దోసకాయ అడిగింది తానేనని వీరబాబు ఒక్క మాట అంటే చాలు. అతనూ అనలేదు. ఆ మాట వీధిలోకి వెళ్లింది. పాపని చూడవచ్చినవాళ్లు గ్రహణం మొర్రి అని గొణుక్కుని, భవాని చేతుల వైపు చూసి వెళ్లారు. అప్పటినుంచి ఆమె మళ్లీ కత్తిపీట ముట్టలేదు. కూరలన్నీ అత్తగారే తరుగుతున్నారు. ప్రతి పూటా ఆ చప్పుడు భవానికి తన తప్పును అప్పజెబుతున్నట్టే ఉంటుంది.

గ్రహణం నాటికి ఎన్నో నెలని అడిగారు డాక్టరు గారు. ఎనిమిదో నెలని చెప్పింది.

“ఈ ఎముకలు మూడో నెల్లోనే కలవాలండీ. మీరు దోసకాయ కోసేనాటికే పాప అంగిలి ఇలా ఉంది. మీ తప్పేం లేదు.”

భవాని పాప తల మీద మొహం ఆనించింది. కొందరికి కారణం తెలియదనీ, కొందరికి కుటుంబంలోనే ఉంటుందనీ, మీ ఇళ్లల్లో ఎవరికైనా ఉందా అనీ ఆయన అడుగుతున్నారు.

బెంచీ మీంచి రత్నమాల గొంతు సవరించుకుంది.

“అల్లుడు గారికి ఓ అక్కగారుండేవారంటండీ. పాలు దిగక పురిట్లోనే పోయిందంట.”

భవాని చప్పున తలెత్తింది. పెళ్లై నాలుగేళ్లు, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నువ్వు బాలింతగా ఉన్నప్పుడు మీ అత్తగారే నోరు జారేరని రత్నమాల కూతురి చెవిలో చెప్పి, భుజం మీద చెయ్యి వేసింది. భవాని భర్త వైపు తిరిగింది. కోపం వస్తే ఆమె మాట ముక్కులోంచి వస్తుంది.

“ఊరంతా నన్నంటుంటే వింటా కూచున్నారు. మీ రక్తంలోనే ఉందని మీకు తెలుసు.”

“అమ్మకి పాలు పడక అక్క పోయిందనే నాకు తెలుసు భవానీ” అన్నాడు వీరబాబు. “దాని నోట్లో ఏముందో అప్పట్లో ఎవరు చూసేరు?”

ఆమె నమ్మలేదు. అత్తగారి మౌనం, ఇతని మౌనం ఇప్పుడు ఒక్కటిగా కనిపించాయి. తల్లీకొడుకులు కూడబలుక్కుని తనని బలిచ్చారు. ఆపరేషన్ అవగానే పాపతో మనింటికి వచ్చెయ్యమని రత్నమాల అంటే, వస్తానంది. భర్త వైపు చూడకుండానే అంది.

వీరబాబు లేచి డాక్టరు గారి పక్కనున్న రోగుల కుర్చీలో కూర్చుని, చూడండి అన్నట్టు నోరు తెరిచాడు. ఆయన టార్చి వేసి చూసి, అంగిలి బాగానే ఉందనీ, అంతమాత్రాన వీళ్ల వైపు లేదని తేల్చలేమనీ అన్నారు. ఎందుకైనా మంచిది, మీరూ రండని భవానిని పిలిచారు.

“పాపకి ఆకలేస్తన్నట్టుంది. పోదాం రావే అమ్మాయ్” అంది రత్నమాల లేస్తూ.

భవాని పాపను తల్లి చేతికిచ్చింది. తన పుట్టింట ఎవరికీ ఇలాంటివి లేవు. అది అతని ఎదుటే తేలిపోవాలి. కుర్చీలో కూర్చుని, మొగుడి కళ్లల్లోకి చూస్తూ నోరు తెరిచింది.

డాక్టరు గారి వేలు ముందు పళ్ల వెనక నుంచి అంగిలి నడిమధ్యన మెల్లగా లోపలికి జరిగింది. ఓ చోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అదే దారిన జరిగి, మళ్లీ అక్కడే ఆగింది.

ఆయన టార్చి ఆర్పి, భవానిని కాదు, రత్నమాలను అడిగారు.

“పసితనంలో ఈవిడ అంగిలి ఎక్కడ కుట్టించేరండీ?”